డ్రమ్ముకు ఎడమ పక్క

ఎర్ర తివాచీ పరిచేశారు. అదీ మెత్తటిది, పాదం పెడితే లోపలికి దిగబడేది, పెళ్లికూతురు నడిచి రావడానికి వేసే రకం. ఇంతమందిలో ఒక్కడికైనా బుద్ధి ఉంటే పాటలు వాయించే చోట ఇట్లాంటిది పరుస్తారా అనుకున్నాడు హెబ్రోను. అనుకుంటూనే చెప్పుల్లేని కుడి మడమను తివాచీలోకి గట్టిగా నొక్కి చూశాడు. ఏమీ లేదు. కింద చెక్క ఉందో లేదో కూడా తెలియడం లేదు. వేదిక ముందంచున, కుడి మూల, అతని కోసమని వేసిన ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీ ముందు స్టాండుకు ఒక మైకు, ఒళ్లో పెళ్లికి ముందు నుంచీ తనతో తిరుగుతున్న నాలుగు తీగల బేస్ గిటారు. ఎదురుగా దిగుతున్న సూర్యుడు, సూర్యుడి కింద మెరిసే రొయ్యల గుంటలు, గుంటల గట్ల మీదుగా చాపలు చంకన పెట్టుకుని ఒక్కొక్కరే వస్తున్న ఆడవాళ్లు. వీపు వెనక ఎక్కడో సముద్రం. చిట్టమూరు పక్క ఊళ్ల సంఘాలన్నీ కలిసి ఏటా పెట్టుకునే సువార్త కూటాలివి. మొదలవడానికి ఇంకా గంట ఉంది. ఈ గంట గడిచి మొదటి పాట ఎత్తుకుంటే తన బండారం బయటపడుతుంది.

బండారమంటే దొంగతనం కాదు, తాగుడు కాదు. కుడి చెవి పోయింది, అంతే. పోయిందంటే ఒక్కరోజులో టపీమని పోలేదు, ఎప్పుడు మొదలైందో చెప్పమంటే చెప్పలేడు. తెలిసింది మాత్రం తూపిలిపాలెం ఒడ్డున, ఈస్టర్ మర్నాడు. భార్య కరుణాకుమారి చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని అలల్లో పాదాలు తడుపుకుంటుంటే తాను తడి ఇసుక మీద ఉత్తరంగా నడుచుకుంటూ పోయాడు. కుడి పక్కనే సముద్రం. అలలు లేస్తున్నాయి, విరుగుతున్నాయి, నురగ చీలమండల దాకా వచ్చి పోతోంది, చప్పుడు మాత్రం లేదు. టీవీకి సౌండు తీసేసినట్టుంది. ఏమైంది దీనికి, ఇంత సముద్రానికి గొంతు పోయిందా అని ఆగి, వెనక్కి తిరిగి దక్షిణంగా నడిస్తే ఎడమ పక్కన మళ్లీ హోరుమంది. ఉత్తరంగా పోతే లేదు, దక్షిణంగా వస్తే ఉంది. ఇంత పెద్ద సముద్రం మనిషికి ఒక పక్కనే ఉంటుందా. పిచ్చివాడిలాగా అటూ ఇటూ తిరుగుతుంటే కరుణ నవ్వింది, ఏంది, ఇసుక కాలతా ఉందా అని. ఆమె నవ్వు ఎడమ చెవిలోనే వినబడింది. ఆ రోజు నుంచి ఎవరికీ చెప్పలేదు, ఆమెకు కూడా. చెప్పకపోవడం అలవాటయ్యాక అదీ ఒక పని అయి కూర్చుంది. ఎవరు వచ్చినా ఎడమ పక్కకు జరగడం, టీకొట్లో గోడకు కుడి భుజం ఆనించి కూర్చోవడం, మాట వినబడకపోతే పెదాలు చూసి పోల్చుకోవడం, అదీ కుదరకపోతే ఊ అనడం. ఆ ఊ వల్లనే ఇంటికి మేక వచ్చింది. బండి మీద వెనక కూర్చుని కరుణ ఏదో అడిగింది, గాలిలో ఏమీ తెలియలేదు, ఊ అన్నాడు. మర్నాడు వాకిట్లో మేక. నువ్వేగా ఊ అన్నావు, అంది. ఆ మేక అతని తెల్లచొక్కా ఒకటి, కరివేపాకు చెట్టు మొత్తం తినేసింది. అయినా నోరెత్తలేదు, నోరెత్తితే చెవి సంగతి వస్తుంది కదా.

మరి చెవి లేకుండా బేసు ఎట్లా వాయించాడయ్యా అంటే, అంతా నిలబడే చోటులోనే ఉంది. డ్రమ్ముకు ఎడమ పక్క. హైహ్యాట్ తాళాలకు జానెడు ఇవతల, పెద్ద డ్రమ్మును తొక్కే స్నేహితుడు, సమాధానం అనేవాడి కుడికాలు తన కంటికి ఆనేట్టు. సండేస్కూల్లో ఒకే చాప మీద కూర్చున్నప్పటి నుంచి ఆ చోటు అతనికి సమాధానం పక్కనే. అప్పుడు వేదికంటే సరుగుడు కర్రలు పాతి, పైన చెక్కలు పరిచి, గోనెతాళ్లతో బిగించిందే. చెప్పులు కింద విడిచే ఎక్కాలి, అది మొదటినుంచీ ఉన్న కట్టుబాటు, ఇప్పటికీ ఎవరూ తప్పరు. మొట్టమొదటి కోత పండుగకు వేదిక ఎక్కి ఎక్కడ నిలబడాలో తెలియక బిక్కమొహం వేసుకుని చూస్తుంటే, మద్రాసు నుంచి తెచ్చిన పాత డ్రమ్ముల సెట్టు వెనక నుంచి సమాధానం, ఒరే ఈడికి రారా, నా పక్కన నిలబడు, నీకేం కాదు అన్నాడు. వెళ్లి నిలబడ్డాడు. సమాధానం తొక్కాడు. ఆ దెబ్బ చెవికి రాకముందే చెక్కలోంచి మడమకు వచ్చింది, మడమ నుంచి మోకాలికి, మోకాలి నుంచి పొట్టలోకి. ఓహో ఇదా సంగతి అనుకుని తీగ మీద వేలు వేశాడు. రెండూ ఒకటే శబ్దమై కిందున్న ముసలమ్మల ఒళ్లోకి పోయి పడ్డాయి. అప్పుడు చెవులు రెండూ బాగున్నాయి, కానీ మడమ అప్పుడే నేర్చుకుంది. తర్వాత ఏళ్ల తరబడి ఆ తాళాలే కుడి చెవి పక్కన చెంగ్ చెంగ్ మని కొట్టుకుని కొట్టుకుని చెవిని తినేశాయి. చెవిని తిన్నదీ ఆ చోటే, చెవి పోయాక కాచిందీ ఆ చోటే. దాని మీద కోపం తెచ్చుకుందామన్నా రాదు.

బేసు వాయించేవాడికి ఇంకెక్కడా పని లేదు కూడా. పాడేవాళ్లు ముందుండాలి, వాళ్ల మొహం చూడాలి జనం. కీబోర్డు పక్కనుండాలి, అయ్యగారు సైగ చేస్తే కనపడాలి. లీడు గిటారుకు వెలుగు కావాలి, లేకపోతే అలుగుతాడు. బేసువాడికి ఏం కావాలి, డ్రమ్ము పక్కన మనిషి పట్టేంత జాగా. పులుసులో మెంతిపిండి ఎక్కడుందని ఎవడు వెతుకుతాడు. తన తల్లి బతికి ఉన్నప్పుడు వెతికింది, పాపం. కూటాల సీడీ తెచ్చి పెడితే టీవీకి ముక్కు ఆనించి, నువ్వు యాడ ఉండావురా, నాకు కనపడవే అంది. అదిగోమా, ఆ పచ్చచీర అక్క కొప్పు ఎనకాల, ఆ మోచెయ్యి నాదే అన్నాడు. మోచెయ్యి చూసుకుని మురిసిపోయింది తల్లి. పక్కింటావిడను పిలిచి ఆ మోచెయ్యే చూపించింది. పచ్చచీర అక్క ఇంకొంచెం పక్కకు జరిగి ఉంటే కొడుకు మొహం కనపడేదని ఆ అక్కను చాన్నాళ్లు తిట్టింది. ఇప్పుడు ఉండి ఉంటే ఈ కుర్చీని చూసి ఎంత సంతోషపడేదో. ముందంచున, కొడుకు ఒక్కడే, ఎదురుగా కెమెరా.

అదే కదా వచ్చిన చిక్కు. తిట్టి పంపితే తిరిగి తిట్టొచ్చు, గౌరవించి కూర్చోబెడితే ఏం చేస్తాడు. పాటలు చూసుకునే సుశీల్ కుమార్ మంచివాడు, నెమ్మదస్తుడు. మధ్యాహ్నం తానే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఈ కుర్చీలో కూర్చోబెట్టాడు. అన్నా, ఇన్నేళ్లు ఎనకాలే ఉండిపోయినారు, ఈసారి లైవులో మీ మొహం కనపడాల, కోరస్ కూడా మీరే అందుకోవాల, అందుకే మైకు పెట్టించినా అన్నాడు. తడ నుంచి లారీలో వచ్చిన ఇనుప వేదిక. డ్రమ్ముల మోత కెమెరాకు ఎక్కువవుతుందని వెనక ఎడమ మూల వేరే దిమ్మె వేసి, చుట్టూ అద్దాల్లాంటి పలకలు నిలబెట్టి, సమాధానాన్ని లోపల పెట్టారు, రొట్టెల దుకాణంలో కేకు పెట్టినట్టు. అందరికీ చెవుల్లో పెట్టుకునే మానిటర్లు ఇచ్చారు. హెబ్రోనుకూ రెండు ఇచ్చారు. కుడిదాంట్లో ఏముందో దేవుడికే తెలియాలి. ఎడమదాంట్లో కీబోర్డు, గిటారు, పాడేవాళ్లు, ఎవరో దగ్గడం, అన్నీ కలిసిపోయి సంతలా ఉంది. ఆ సంతలో సమాధానం కాలు ఎక్కడుందో వెతకడం అతని వల్ల కాలేదు. మధ్యాహ్నం వాయించి చూసినప్పుడు మెడ తిప్పి పలకల వెనక మోకాలు లేచి పడటం చూస్తూ ఎట్లాగో నెట్టుకొచ్చాడు. రాత్రి దీపాలు పడితే ఆ పలకల్లో దీపాలే కనపడతాయి తప్ప మోకాలు కనపడదు.

తెలిస్తే ఏమవుతుంది. ఎవరూ ఏమీ అనరు, అక్కడే ఉంది భయమంతా. యెహోషువ అన్నను ఏమన్నారు. ఫిడేలు వాయిస్తుంటే వేళ్లు వణుకుతున్నాయని తెలిసిన ఏడు, అన్నను వేదిక మధ్యకు పిలిచి, శాలువా కప్పి, చప్పట్లు కొట్టి, వెనక పెద్దల కుర్చీల్లో కూర్చోబెట్టారు. అన్న ఆ శాలువా కప్పుకుని పాటలన్నీ విన్నాడు, ఒళ్లో వేళ్లు కదుపుతూ. మర్నాడు ఫిడేలు తేలేదు, తెమ్మని ఎవరూ అడగలేదు. బేసుకు అయితే అంత కూడా అక్కర్లేదు, కీబోర్డు మీద ఎడమచేత్తో నొక్కితే ఆ శబ్దం అదే వస్తుంది. శాలువా అంటే హెబ్రోనుకు పామును చూసినట్టుంటుంది. రొయ్యల గుంటల దగ్గర నీళ్లను చిలికి గాలి పట్టించే ఏరేటర్లు బాగుచేసే పని ఉంది, అన్నానికి ఢోకా లేదు. కానీ ఏరేటర్ల పక్కన నిలబడితే ఎవరూ, నా పక్కన నిలబడు, నీకేం కాదు అనరు. రోజంతా నీళ్లు తెల్లగా ఎగిరి పడుతుంటాయి, కుడి పక్క గుంటలో చప్పుడు లేకుండా, ఎడమ పక్క గుంటలో చప్పుడుతో. ఒక్కోసారి ఆ చప్పుడు లేని పక్కనే బాగుందనిపిస్తుంది, కలలో నీళ్లలాగా. పైన గులాబి రెక్కల కొంగలు పులికాట్ వైపు పోతుంటాయి, అవి అరుస్తాయో అరవవో, అరిస్తే ఎట్లా అరుస్తాయో ఇప్పుడు గుర్తు తెచ్చుకుందామన్నా రాదు. రాత్రి మంచి చెవిని దిండుకు నొక్కి పడుకుంటే లోకం అంతా పోయి తన గుండె ఒక్కటే ఉంటుంది. అది కూడా సమాధానం తొక్కినట్టే ఉంటుంది, కొంచెం నిదానంగా, తప్పకుండా. ఆ దెబ్బకు వేళ్లు వాటంతటవే దుప్పటి మీద కదులుతాయి. కరుణ చూసి, నిద్దర్లో కూడా వాయించాల్నా అంటుంది. ఏమంటుందో పెదాలు చూసి తెలుసుకుని, ఊ అంటాడు.

సూర్యుడు గుంటలోకి దిగినట్టే ఉంది. నీళ్లన్నీ రాగిరంగు. ముందు వరసల్లో అప్పుడే చాపలు పరుచుకుని ఆడవాళ్లు, వాళ్లలో కరుణ ఎక్కడో ఉంటుంది, వంకాయరంగు చీర కట్టుకున్నది. పొద్దున తన కొత్త తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తూ ఎంత పొంగిపోయిందో, మేకను దూరంగా కట్టేసి మరీ చేసింది. ఆ చొక్కా తొడుక్కుని, మొదటి పాట రెండో చరణంలో తాను ఒక పక్క, పాట ఒక పక్క పోతుంటే, అందరూ తిరిగి చూస్తుంటే. పారిపోతే? ఒంట్లో బాగాలేదంటే? ఈ ఏడు తప్పించుకుంటాడు, వచ్చే ఏడు? మడమను మళ్లీ నొక్కాడు. తివాచీ పలకలేదు. తివాచీకి కూడా చెవుడే.

భుజం మీద చెయ్యి పడింది. ఎడమ భుజం మీద. సమాధానం, రెండు టీ గ్లాసులతో. పంచె పైకి మడిచి వచ్చి అంచున ఎడమ పక్కన కూలబడి, ఒక గ్లాసు చేతికిచ్చి, "ఏందిరా, ముందు కూర్చోబెట్టేసరికి రాజువైపోయినావే. మా మొహం చూడవా ఇంక?" అన్నాడు.

హెబ్రోను నవ్వబోయాడు, రాలేదు. టీ వేడి వేళ్లకు తగిలింది. వెనక నుంచి సముద్రపు గాలి వచ్చి మాటల్ని నోట్లోంచి తీసుకుని ముందుకు, గుంటల వైపుకు పట్టుకుపోతోంది. ఆ గాలిలో ఎవరికి వినబడుతుందిలే అనుకున్నాడు. అనుకోగానే ఇన్నేళ్లు గొంతులో పడి ఉన్నది ఇంకాసేపు కూడా ఉండనంది. మైకు స్టాండు మీదికి వంగి, దాన్ని ఊతకర్రలాగా పట్టుకుని, మెల్లగా, చెవిలో చెప్పినట్టు చెప్పాడు.

"సమాధానం, నాకు కుడి చెవి వినపడదురా. శానా నాళ్లయింది. నీ కాలిని చూసి, నీ దెబ్బ మడమకు తగిల్తే వాయిస్తా ఉండా. ఈడ కూర్చుంటే నాకు నువ్వు లేవు. ఇయ్యాల చెడిపోతాది పాట. నాకు భయంగా ఉండాది."

సమాధానం మొహం అదోలా అయింది. తన వంక చూడటం లేదు, ముందుకు చూస్తున్నాడు. ఏంది, జాలిపడుతున్నాడా, అసహ్యించుకుంటున్నాడా. ముందుకు ఏముందని తానూ చూశాడు. చాపలు పరుచుకుంటున్న ఆడవాళ్లు పరుచుకోవడం ఆపి నిలబడిపోయి ఉన్నారు. గట్టు మీద వస్తున్నవాళ్లు గట్టు మీదే ఆగారు. రోడ్డు పక్క టీకొట్టు దగ్గర మగవాళ్లు స్తంభానికి కట్టిన హారన్ వంక తలెత్తి చూస్తున్నారు. ముందు వరసలో ఒక ముసలమ్మ రెండు చేతులూ పైకెత్తి కళ్లు మూసుకుంది. ఆమె పెదాలు స్తోత్రం అన్నాయి. పక్కామె పెదాలు స్తోత్రం అన్నాయి. వరసగా స్తోత్రం, స్తోత్రం, గాలి వీచిన వరిమడిలాగా వెనక్కి పోయింది. అప్పుడు, అప్పుడు చూశాడు హెబ్రోను తన పిడికిట్లో ఉన్న మైకు మీద చిన్న ఎర్రదీపం.

కుడి పక్కన మనిషంత ఎత్తు స్పీకర్లు. తన రహస్యం తన కుడి చెవి పక్క నుంచే అరుచుకుంటూ గాలి వాటున ఊరి మీదికి పోయింది, పోతూ పోతూ తనకు మాత్రం చెప్పలేదు. ఈ చెవి ఉన్నదే అందుకు, ఎన్నటికీ విశ్వాసం లేని చెవి. కింద సౌండు మిక్సరు దగ్గర, వెంకటాచలం ఊరి నుంచి మైకులు చూసుకోవడానికి వచ్చిన పెంచలకృష్ణ రెండు చేతులూ జోడించి నిలబడి ఉన్నాడు. హెబ్రోను చూపు తగలగానే కంగారుగా ఏదో నొక్కాడు, దీపం ఆరింది. పరుగెత్తుకుని మెట్ల దాకా వచ్చి, చెప్పులు విడిచి, పైకెక్కి, "అన్నా, తప్పైపోయింది. సాక్ష్యం మొదలుపెట్టినారేమో, మనసులోది అందరి ముందరా చెప్పుకుంటారే, అది అనుకున్నా. మీ కూటాల్లో మధ్యలో ఆపకూడదు గదా అని అట్టే వదిలేసినా" అన్నాడు.

సమాధానం టీ గ్లాసు కింద పెట్టాడు. "నాకు తెలీదనుకున్నావా?" అన్నాడు ఎడమ చెవి దగ్గర, ఈసారి ఎవరికీ వినబడకుండా. "నువ్వు నా మొహం చూడ్డం మానేసి కాలు చూడ్డం మొదలుపెట్టినప్పుడే తెలుసు. ఈ మోకాలు ఎందుకు పోయిందనుకున్నావు, నీ మడమ కోసం గట్టిగా తొక్కీ తొక్కీ గాదా. నువ్వే చెప్తావని చూస్తా ఉండా." హెబ్రోనుకు ఏడుపు వచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. కన్నీళ్లలోంచి ముందుకు చూస్తే వంకాయరంగు చీర కనపడింది. కరుణ లేచి నిలబడి ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. కొంగు తీసింది. అంత దూరం నుంచి కూడా ఆ పెదాలు అతనికి పెద్దక్షరాల్లా కనపడ్డాయి. అందుకేనా ఆ మేక, అన్నాయి. ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే కూలబడి కొంగులో మొహం దాచుకుంది. అతనూ నవ్వాడు.

సుశీల్ కుమార్ వస్తున్నాడు. కుడి పక్క స్పీకర్ల వెనక నుంచి, తివాచీ మీద, చేతిలో ఏదో మడతపెట్టిన గుడ్డతో. శాలువా. అయిపోయింది. తీరా దగ్గరికి వచ్చేసరికి అది వట్టి తువ్వాలు, మెడ చెమట తుడుచుకునేది. కుడి పక్క నుంచి వచ్చినవాడు కుడి పక్కన ఆగలేదు. కుర్చీ వెనకగా చుట్టూ తిరిగి ఎడమ పక్కకు వచ్చి, మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగి, ఆ చెవికి అడిగాడు.

"అన్నా, మీరు యాడ నిలబడతారో చెప్పండి."

హెబ్రోను లేచాడు. గిటారు భుజానికి తగిలించుకుని, వైరు చుట్ట చుట్టుకుని, మూల నుంచి వెనక్కి నడిచాడు. కెమెరావాడు ఏదో అనబోతే సుశీల్ చెయ్యెత్తి ఆపాడు. సమాధానం, పెంచలకృష్ణ కలిసి ఎడమ వైపు పలక ఒకటి ఊడబీకి పక్కన పెట్టారు. దిమ్మె చిన్నది, ఇద్దరు పట్టరు. సమాధానం తాళాల స్టాండును తన వైపుకు లాక్కున్నాడు, ఇంకొంచెం లాక్కున్నాడు, మోచెయ్యి ఆడించడానికి కూడా చోటు లేకుండా. అప్పుడు ఒక పాదం పట్టేంత జాగా అయింది. హెబ్రోను ఎడమకాలు కింద తివాచీ మీద ఉంచి, కుడికాలు దిమ్మె మీద పెట్టాడు. దాని మీద ఏమీ పరచలేదు, ఉత్త చెక్క, చల్లగా ఉంది. ముందు పాడేవాళ్లు వచ్చి నిలబడుతున్నారు, ఒక అక్క కొప్పు అప్పుడే అడ్డం వచ్చింది. ఇంక కెమెరాకు తన మోచెయ్యి తప్ప ఏమీ కనపడదు. దీపాలు వెలిగాయి. వెనక సముద్రం, ఎడమ చెవిలో హోరుతో, కుడి చెవిలో చప్పుడు లేకుండా.

పాటకు ముందు ఒకటి, రెండు అని సమాధానం లెక్క పెట్టలేదు. ఒకసారి తొక్కాడు, ఉన్నావా అన్నట్టు. మడమకు అందింది. హెబ్రోను తీగ మీద వేలు వేశాడు.